తీగ తెగితే ఎవరి దగ్గరికి పరిగెత్తాలి?

మొన్న రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసింది. తెల్లారితే కంప్యూటర్ నెట్‌వర్క్‌ల పరీక్ష. "మామయ్యా, ల్యాన్‌కి, మ్యాన్‌కి, వాన్‌కి తలా మూడు లాభాలు, మూడు నష్టాలు చెప్పవా? నా నోట్సులో అన్నింటికీ ఒకటే ఉంది" అంది. ల్యాన్ అంటే ఒక గది, ఒక భవనం మేర ఉండే నెట్‌వర్క్, మ్యాన్ అంటే నగరమంత, వాన్ అంటే ఊళ్లూ దేశాలూ దాటేది. ఫోటో తీసి పంపమన్నాను. చూస్తే నిజమే. ల్యాన్ లాభం: వనరులు పంచుకోవచ్చు. మ్యాన్ లాభం: వనరులు పంచుకోవచ్చు. వాన్ లాభం: దూరంగా ఉన్నవాళ్లతో కూడా వనరులు పంచుకోవచ్చు. నష్టాల గడిలో మూడింటికీ "భద్రత సమస్య" అని రాసి, ల్యాన్ దగ్గర మాత్రం పక్కన "తక్కువ" అని చేర్చారు.

ఆ పట్టిక నేనూ ఒకప్పుడు బట్టీపట్టి రాసిందే. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నెట్‌వర్క్‌ల పనిలోనే ఉన్నాను. ఇన్నేళ్లలో ఆ పట్టిక నాకు ఒక్కసారైనా పనికొచ్చిందా అని ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. రాలేదు. ఇది ల్యానా, మ్యానా అని తేల్చుకోవలసిన అవసరం ఒక్కరోజూ పడలేదు. అవసరం పడిన ప్రశ్న వేరే ఉంది. ఏదైనా ఆగిపోయిన రోజు మొదట అడిగేది ఇదే: "ఇది మనం లేచి వెళ్లి చూసుకోగలిగేదా, ఫోన్ చేసి ఎదురుచూడాల్సిందా?"

నెట్‌వర్క్‌లను దూరాన్ని బట్టి విడదీయడం పాతబడిపోయిందనీ, పాడైనప్పుడు బాగుచేసే పని ఎవరి చేతుల్లో ఉంటుందో దాన్నిబట్టి చూస్తేనే లాభనష్టాలు తెలుస్తాయనీ నా అభిప్రాయం. ఇది రాస్తున్నప్పుడే నాకు నేనే రెండు మూడు చోట్ల అడ్డుపడ్డాను. అవి కూడా దాచకుండా రాస్తాను.

దూరం ఒకప్పుడు నిజంగానే లెక్క

ముందు పాత పట్టిక తరఫున నాలుగు మాటలు చెప్పాలి. అది ఊరికే పుట్టలేదు.

1973లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచనను, అంటే కంప్యూటర్లను తీగతో కలిపి మాట్లాడించే పద్ధతిని, కాగితం మీద పెట్టాడు. అంతకు రెండేళ్ల ముందు హవాయి విశ్వవిద్యాలయంలో అలోహా అనే రేడియో నెట్‌వర్క్ నడిచింది. ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు చెప్పేయడం, రెండు సందేశాలు గుద్దుకుంటే కాసేపాగి మళ్లీ చెప్పడం దాని పద్ధతి. మెట్‌కాఫ్ దాన్ని తీగలోకి తెచ్చి, చెప్పేముందు వినడం, గుద్దుకుంటే వెంటనే ఆపేయడం చేర్చాడు. ఒకటే తీగ, అందరూ దాని మీదే.

ఇక్కడే దూరం వచ్చి కూర్చుంది. నా సందేశం ఇంకొకరి సందేశాన్ని గుద్దుకున్నట్టు నాకు తెలియాలంటే, ఆ కబురు తిరిగి వచ్చేసరికి నేను ఇంకా పంపుతూనే ఉండాలి. పంపడం అయిపోయాక వస్తే, అది ఎవరి గొడవో నాకు అర్థం కాదు. అందుకే సెకనుకు 10 మెగాబిట్లు పంపే ఈథర్‌నెట్‌లో అతి చిన్న సందేశం 64 బైట్లు ఉండాలన్నారు. అంటే 512 బిట్లు, పంపడానికి 51.2 మైక్రోసెకన్లు. ఆ వ్యవధిలో తీగ చివరిదాకా వెళ్లి వెనక్కి రావాలి. మధ్యలో సంకేతాన్ని మళ్లీ బలపరిచి పంపే రిపీటర్ల ఆలస్యం కూడా కలుపుకుంటే నెట్‌వర్క్ మొత్తం పొడవు సుమారు రెండున్నర కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. కాబట్టి ల్యాన్‌లో ఉన్న "లోకల్" అన్న మాటకు అప్పట్లో కొలత ఉంది. మాస్టారు నేలమీద గీత గీసి ఇక్కడిదాకా ల్యాన్ అంటే తప్పయ్యేది కాదు.

తర్వాత స్విచ్‌లు వచ్చాయి, సందేశాన్ని అది చేరాల్సిన మెషీన్‌కే పంపే పెట్టెలు. ప్రతి కంప్యూటర్‌కీ సొంత తీగ, అందులోనూ పోవడానికో దారి, రావడానికో దారి. గుద్దుకోవడమే లేకుండా పోయింది. దానితో పాటు ఆ దూరం హద్దూ పోయింది. ఇవాళ ఫైబర్ మీద అదే ఈథర్‌నెట్ ఒక్క లింకులో 10 కిలోమీటర్లు పోతుంది, 40 పోతుంది. సర్వీసు కంపెనీలు నగరానికీ నగరానికీ మధ్య ఈథర్‌నెట్ లింకులు అమ్ముతున్నాయి. గది లోపల స్విచ్ మాట్లాడే భాషే అక్కడా నడుస్తోంది. తమాషా ఏమిటంటే, ఆ 64 బైట్ల నియమం మాత్రం ఇంకా ఉంది. కారణం పోయినా కట్టుబాటు మిగిలింది.

మ్యాన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నగరమంత నెట్‌వర్క్ కోసం 802.6 అని విడిగా ఒక ప్రమాణం రాశారు. వాడుకలో నిలవలేదు. ఇన్నేళ్లలో పనిచేసే చోట "మన మ్యాన్ డౌన్ అయింది" అన్న మనిషిని నేను చూడలేదు. ఆ మాట పరీక్ష పేపర్లలోనే బతికి ఉంది.

ఇలా అని దూరాన్ని పూర్తిగా కొట్టిపారేద్దామంటే ఒక పాత అనుభవం అడ్డొస్తుంది. నేను పనిచేసిన ఒక చోట లెక్కల సాఫ్ట్‌వేర్ సర్వర్‌ను పక్క గదిలోంచి తీసి చాలా దూరాన ఉన్న డేటా సెంటర్‌కి మార్చారు. మర్నాటి నుంచి ఒక్కో స్క్రీన్ తెరుచుకోవడానికి ఇరవై సెకన్లు. అందరూ లింకు చాలట్లేదన్నారు. డబ్బు పెట్టి లింకును నాలుగింతలు చేశారు. ఇరవై సెకన్లు ఇరవై సెకన్లుగానే ఉంది. చివరికి తేలింది ఇదీ: ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క స్క్రీన్ చూపించడానికి డేటాబేస్‌ను దాదాపు రెండు వందల సార్లు అడుగుతుంది, ఒకదానికి జవాబు వచ్చాక ఇంకొకటి. పక్క గదిలో ఉన్నప్పుడు ఒక్కో ప్రశ్నకు అర మిల్లీసెకను పట్టేది, ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు వంద మిల్లీసెకన్లు. రెండు వందలతో గుణించుకోండి.

గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10 వేల కిలోమీటర్ల దూరం వెళ్లి రావడానికి, మధ్యలో ఎక్కడా ఆగకపోయినా, 100 మిల్లీసెకన్లు. 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలబడే ఉపగ్రహం ద్వారా అయితే ప్రశ్న పోయి జవాబు వచ్చేసరికి దాదాపు అర సెకను. ఎంత పెద్ద లింకు కొన్నా ఇది తగ్గదు. కాబట్టి దూరం ఉంది, కాదనను. అయితే అది కనిపించేది ఆలస్యంగా, మిల్లీసెకన్లలో. ఆ సంఖ్య ఒక్కటి రాసుకుంటే చాలు, దానికి మూడు పేర్లు పెట్టి మూడు గడుల్లో కుక్కక్కర్లేదు.

బొమ్మలో ఒకటి, గోడలో ఒకటి

నోట్సులో తర్వాతి పేజీ బస్, స్టార్, రింగ్, మెష్, అంటే కంప్యూటర్లను తీగలతో కలిపే ఆకారాలు. బొమ్మలు చక్కగా వేసుకుంది పిల్ల. వాటి కింద మళ్లీ లాభాలు, నష్టాలు. బస్: తక్కువ తీగ చాలు (లాభం), తీగ తెగితే అంతా ఆగిపోతుంది (నష్టం). రెండు వేర్వేరు విషయాల్లా రాశారు గానీ అది ఒకే విషయం. అందరికీ ఒకే తీగ కాబట్టే చవక. అందరికీ ఒకే తీగ కాబట్టే ఒకటి తెగితే అందరికీ తెగుతుంది.

నేను చదువుకున్న ల్యాబ్‌లో బస్‌కు వాడే ఆ సన్న కోయాక్సియల్ తీగ ఇంకా ఉండేది. ఒక్కో ముక్క 185 మీటర్లు దాటకూడదు, దాని మీద 30 మెషీన్లు మించకూడదు. ప్రతి కంప్యూటర్ వెనక టీ ఆకారపు కనెక్టర్, తీగ రెండు కొసల్లో, సంకేతం తగిలి వెనక్కి రాకుండా ఆపే 50 ఓమ్‌ల టెర్మినేటర్లు. ఎవరో కుర్చీ జరుపుతారు, కాలు తగిలి ఒక టీ ఊడుతుంది, వరుస మొత్తం చచ్చిపోతుంది. ఊడినవాడి మెషీన్ ఒక్కటే కాదు, అందరివీ. ఎవరిది ఊడిందో తెర మీద ఎక్కడా కనపడదు. జేబులో ఒక టెర్మినేటర్ పెట్టుకుని బల్లల కింద పాకేవాళ్లం. తీగను మధ్యలో విప్పి, అక్కడ టెర్మినేటర్ బిగించి, ఏ సగం బతికిందో చూడటం. చచ్చిన సగాన్ని మళ్లీ సగం చేయడం. నాలుగైదు సార్లలో దొరికేది. ఆ వరుసను ఎంత తిట్టుకున్నా, బాగుచేయడం మా చేతుల్లోనే ఉండేది. బాగుచేయడానికి మోకాళ్లు బాగుంటే చాలు.

తర్వాత హబ్‌లు వచ్చాయి. చూడటానికి స్టార్, మధ్యలో పెట్టె, చుట్టూ తీగలు. లోపల మాత్రం అదే బస్: ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది, ఇద్దరు మాట్లాడితే గుద్దుకుంటాయి. కానీ ఒకరి తీగ ఊడితే ఒక్కరే ఆగేవారు. ఐబీఎమ్ వాళ్ల టోకెన్ రింగ్ ఇంకా విచిత్రం. పేరు రింగ్. గోడలో చూస్తే అన్ని తీగలూ మధ్యలో ఒక పెట్టె దగ్గరికే చేరతాయి, అదీ స్టారే. గుండ్రం ఆ పెట్టె లోపల ఉంటుంది. పుస్తకంలో రింగ్ బొమ్మ చూసి గుండ్రంగా తీగ లాగుతారనుకున్నవాడు గదిలోకి వెళ్తే బిత్తరపోతాడు.

టోకెన్ రింగ్‌లో గుద్దుకోవడాలు లేవు. టోకెన్ అనే అనుమతి చీటీ ఒకరి నుంచి ఒకరికి తిరుగుతుంది, అది చేతికి వచ్చినవాడే మాట్లాడాలి, కాబట్టి ఎంత రద్దీలోనైనా అందరికీ వంతు వస్తుంది. కాగితం మీద ఈథర్‌నెట్ కంటే పద్ధతిగా కనిపిస్తుంది. అయినా ఈథర్‌నెట్టే గెలిచింది. ముఖ్య కారణం ధర, చాలా కంపెనీలు ఈథర్‌నెట్ సామాను చేశాయి. లాభనష్టాల పట్టికలో టోకెన్ రింగ్‌కు ఎక్కువ మార్కులు వచ్చినా అంగట్లో ఓడిపోయిందంటే, పట్టికలో ఏదో గడి తక్కువైనట్టే కదా.

మెష్‌కు ఒక్క లెక్క చాలు. ప్రతి కంప్యూటర్‌నీ మిగతా అన్నింటితో నేరుగా కలపాలంటే ఐదింటికి పది తీగలు, యాభైకి 1225. అందుకే పూర్తి మెష్ అనేది పరీక్షల్లోనూ, నెట్‌వర్క్‌లను ఒకదానితో ఒకటి కలిపే నాలుగైదు ముఖ్యమైన రౌటర్ల మధ్యా తప్ప ఎక్కడా కనపడదు.

బస్ చచ్చిపోయిందని నోట్సులో ఉంది. చావలేదు, గాల్లోకి లేచింది. వైఫై అంటే ఏమిటి? అందరికీ ఒకే గాలి. ఒక ఛానల్‌లో ఒకసారి ఒకరే మాట్లాడాలి. పైగా తాను మాట్లాడుతుండగా ఇంకొకరి మాట గుద్దుకుందో లేదో వినపడదు, అవతలివాడు "ముట్టింది" అని కబురు చేస్తేనే తెలుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. పక్కింటివాళ్లు, పై అంతస్తువాళ్లు, బ్లూటూత్ చెవి మైకులు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే. బల్ల కింద తీగ అయితే పాకి వెతికేవాళ్లం. గాలిలో ఎవరు కాలు తగిలించారో వెతకడం చాలా కష్టం. నా కొలబద్దతో చూస్తే ఇంట్లో వైఫై "మన చేతుల్లో ఉన్న నెట్‌వర్క్" కూడా కాదు, సగమే మనది. ఈ గడి నాకూ నిండలేదు, అలాగే వదిలేస్తున్నాను.

లూప్ పడిన రోజు

ఒక సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి ఏదీ పనిచేయట్లేదు. ఫోన్లు కూడా నెట్‌వర్క్ మీదే నడిచేవి కాబట్టి ఫిర్యాదు చేయడానికి కూడా ఫోన్ లేదు, జనం నడుచుకుంటూ వచ్చారు. గుమ్మం దగ్గర పదిమంది నిలబడ్డారు. సర్వర్ గదిలోకి వెళ్తే స్విచ్‌ల మీద లైట్లన్నీ ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. మామూలు రోజుల్లో అవి ఎవరి పాటికి అవి మినుకుమినుకుమంటాయి. అన్నీ కలిసి ఒకే లయలో ఆడుతున్నాయంటే లూప్ పడిందని, అంటే తీగలు గుండ్రంగా కలిసిపోయాయని అర్థం.

జరిగింది చాలా చిన్నది. శుక్రవారం సాయంత్రం ఎవరో మీటింగ్ గదిలో బల్ల జరిపారు. ఆ బల్ల మీద ఫోనుకు వెనక రెండు పోర్టులుంటాయి, ఒకటి గోడకు, ఒకటి కంప్యూటర్‌కు. సర్దిన మనిషి రెండో తీగ వేలాడుతోందని దాన్నీ గోడకే గుచ్చేశాడు. పాపం, బాగుచేస్తున్నాననే అనుకుని ఉంటాడు. అందరికీ పంపే ఒక సందేశం ఆ గుండ్రంలో పడింది. ఇంటర్నెట్ ప్యాకెట్‌కు ఆయుష్షు ఉంటుంది, ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి చివరికి చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ సందేశానికి అలాంటి లెక్క లేదు. తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ కాపీలు పుడుతుంటాయి.

ఇది జరగకుండా 1985లోనే రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ అనే పద్ధతి కనిపెట్టింది. స్విచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని గుండ్రం ఎక్కడుందో చూసి ఒక దారిని మూసేస్తాయి. మరి మా దగ్గర ఎందుకు మూయలేదు? ఆ పోర్టు మీద ఆ సందేశాలను ఆపేసి ఉంచారు. ఎవరు? నేనే. అంతకు ముందు ఏడాది ఏదో పరీక్ష కోసం రెండు రోజులని ఆపి మరిచిపోయాను.

దొరకడానికి రెండున్నర గంటలు పట్టింది. ఒక్కో అంతస్తును మిగతా నెట్‌వర్క్‌తో కలిపే తీగ (అప్‌లింక్) పీకుతూ వెళ్లాం. మూడోది పీకగానే లైట్లు నెమ్మదించాయి. తర్వాత ఆ అంతస్తులో ఒక్కో పోర్టు. ఇది బల్లల కింద పాకిన పనే, నిలబడి చేశాం, అంతే తేడా. ఆ ఉదయం పడిన టెన్షన్ మామూలుది కాదు. అయినా ఆ రెండున్నర గంటల్లో ఒక్క నిమిషం కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు.

ఈ సౌఖ్యం ఎల్లకాలం ఉంటుందని అనుకోకూడదు. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ ఇలాంటి స్పానింగ్ ట్రీ గొడవతోనే కుప్పకూలి, దాదాపు నాలుగు రోజులు మందుల చీటీలు, పరీక్షల ఫలితాలు కాగితాల మీద నడిచాయి. ఏళ్ల తరబడి ఒకదానికొకటి కలుపుకుంటూ పోయి, ఆ పద్ధతి మోయగలిగిన హద్దు దాటేశారు. అదీ వాళ్ల సొంత నెట్‌వర్కే. చేతుల్లో ఉంది, కానీ ఎక్కడ ఏముందో తలలో లేదు. కాబట్టి నా కొలబద్దలో "ఎవరి చేతుల్లో ఉంది" పక్కన "ఎవరి తలలో ఉంది" అని కూడా చేర్చుకోవాలి.

రెండు కంపెనీలు, ఒకటే గొయ్యి

ఇప్పుడు రెండో రకం రోజు. ఇంకో ఉద్యోగంలో రెండు ఆఫీసుల మధ్య రెండు లింకులు ఉండేవి, రెండు వేర్వేరు కంపెనీల నుంచి తీసుకున్నాం. ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందని. ఒక మధ్యాహ్నం రెండూ ఒకే నిమిషంలో పోయాయి. మొదట మా రౌటరే పోయిందనుకుని దాన్ని తిప్పి, మళ్లించి, ఆపి, వేసి అరగంట గడిపాను. రౌటర్ బంగారంలా ఉంది.

కొన్ని కిలోమీటర్ల అవతల రోడ్డు తవ్వుతున్న పొక్లెయిన్ ఒక్క దెబ్బకు రెంటినీ తెంపింది. రెండో కంపెనీ ఆ మేర సొంత ఫైబర్ వేసుకోలేదు, మొదటి కంపెనీ గొట్టంలోనే అద్దెకు తీసుకుంది. బిల్లులు రెండు వచ్చేవి, గొయ్యి మాత్రం ఒకటే. ఈ సంగతి ఏ ఒప్పందంలోనూ మాకు కనపడలేదు, అడగాలని కూడా మాకు తట్టలేదు.

తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటల్లో నేను చేసిన పని ఫిర్యాదు నంబరు చెప్పడం, అవతలివాళ్లు "మా టీమ్ దారిలో ఉందండీ" అనడం, మా మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి "ఎంతసేపు పడుతుందంటారు?" అనడం. లూప్ పడిన రోజు కంటే నష్టం నిజానికి తక్కువే, ఆఫీసు లోపల అంతా నడుస్తూనే ఉంది. కానీ నాకు ఈ రోజే ఎక్కువ అలసటగా గుర్తుంది.

ఇదే సంగతి దేశాల స్థాయిలో చూడండి. 2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రగర్భంలో అగ్నిపర్వతం పేలి, ఆ దేశాన్ని బయటి ప్రపంచంతో కలిపే ఒకే ఒక్క కేబుల్ తెగింది. కేబుల్ ఓడ వచ్చి అతకడానికి అయిదు వారాలు పట్టింది. అందాకా ఉపగ్రహాల మీద అరకొరగా నెట్టుకొచ్చారు. 2011లో జార్జియాలో ఒక వృద్ధురాలు రాగి కోసం నేల తవ్వుతుంటే పార ఫైబర్‌కు తగిలి పక్క దేశం ఆర్మేనియాలో చాలామందికి గంటల తరబడి ఇంటర్నెట్ లేకుండా పోయింది. ఆవిడ వెతికింది రాగి, చేతికొచ్చింది గాజు. ఆర్మేనియాలో ఆ పూట రౌటర్ల ముందు కూర్చున్న నాలాంటివాళ్లు ఏం చేసి ఉంటారు? ఫిర్యాదు నంబరు చెప్పి ఉంటారు.

వాన్‌కు నష్టాల గడిలో "ఖర్చు ఎక్కువ" అని రాస్తారు. నిజమే, ఎక్కువే. నన్నడిగితే దానికంటే ముందు "తీగ ఏ దారిన పోతోందో మీకు తెలియదు" అని రాస్తాను.

"ల్యాన్ సురక్షితం" అన్న గడి

మేనకోడలి నోట్సులో నాకు కోపం వచ్చిన గడి ఒక్కటే, భద్రత దగ్గర ఆ "తక్కువ" అన్న మాట. సొంత తీగ కాబట్టి ల్యాన్‌లో ప్రమాదం తక్కువట. 2017 మే 12న వానాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, బయటపడినప్పుడు చూశాం కదా. ఒక్క మెషీన్‌లోకి వస్తే చాలు, ఫైళ్లు పంచుకోవడానికి సాఫ్ట్‌వేర్ తెరిచే 445 నంబరు దారి (పోర్టు) ద్వారా అదే ల్యాన్‌లో పక్క మెషీన్లన్నింటి తలుపులూ తట్టింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వేరేచోటికి పంపాల్సి వచ్చింది. దానికి మందు, అంటే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు బోలెడు. వీధి తలుపుకు మూడు గొళ్లేలు పెట్టి లోపలి గదులకు తలుపులే పెట్టకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేవి చాలా ల్యాన్‌లు. నావీ అలాగే ఉండేవి. ఆ వారాంతం ఇంటికి వెళ్లలేదు.

సొంతం కావడం వల్ల వచ్చే లాభం, మనం తలుపులు పెట్టుకోగలం అన్నదే. పెట్టుకున్నామా లేదా అన్నది పట్టిక చెప్పదు.

నా వాదనకే తగిలిన దెబ్బ

ఇంతా చెప్పాక నన్ను ఇరుకున పెట్టే రోజు 2021 అక్టోబరు 4. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు మాయమయ్యాయి. ఏ పొక్లెయినూ తవ్వలేదు. వాళ్ల డేటా సెంటర్లను కలిపే సొంత నెట్‌వర్క్‌ను పరీక్షించడానికి ఇచ్చిన ఒక ఆదేశం ఆ లింకులన్నింటినీ పడేసింది. తప్పుడు ఆదేశాన్ని ఆపాల్సిన తనిఖీ పనిముట్టులోనూ లోపం ఉంది. దాంతో వాళ్ల చిరునామాలు ఇంటర్నెట్ మొత్తానికీ కనపడకుండా పోయాయి. దూరం నుంచి సరిచేద్దామంటే ఆ దారీ అదే నెట్‌వర్క్ మీద ఉంది. మనుషులు డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది, వెళ్లినా లోపలి కాపలా నియమాలు దాటడానికి సమయం పట్టింది.

సొంత తీగ, సొంత మనుషులు, ప్రపంచంలో అందరికంటే తెలిసినవాళ్లు. నా కొలబద్ద ప్రకారం అంతా వాళ్ల చేతుల్లోనే ఉంది. అయినా ఆరు గంటలు. అంటే తీగ మనదా కాదా అని అడిగితే సరిపోదు, దాన్ని బాగుచేయడానికి వెళ్లే దారి దాని మీదే ఆధారపడి ఉందా అని కూడా అడగాలి. అందుకే ఇప్పుడు ఎక్కడ పనిచేసినా స్విచ్‌ల దగ్గరికి వెళ్లడానికి విడిగా ఒక చిన్న మొబైల్ లింకు పెట్టిస్తాను. ఏడాదికి ఒకసారి కూడా వాడం, దండగ అంటారు. అననివ్వండి.

రెండో దెబ్బ క్లౌడ్, అంటే మన ఫైళ్లూ సాఫ్ట్‌వేర్లూ వేరే కంపెనీ డేటా సెంటర్‌లో ఉండటం. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు ఒక ఫైలు మార్చుకుంటారు. అది ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల డేటా సెంటర్‌కు వెళ్లి రెండు మూరల దూరానికి తిరిగి వస్తుంది. ఆఫీసులో ల్యాన్ ఉంది, స్విచ్‌లన్నీ బంగారంలా పనిచేస్తున్నాయి, బయటి లింకు పోతే మాత్రం ఎవరికీ ఏ పనీ లేదు. ఒకప్పుడు మా ఆఫీసులో ప్రింటరు ఒకావిడ కంప్యూటర్‌కు తగిలించి అందరూ పంచుకునేవాళ్లం. ఆవిడ అయిదున్నరకు మెషీన్ ఆపి ఇంటికి వెళ్తే ఆ తర్వాత ఎవరికీ ప్రింటు లేదు. సర్వర్ లేని నెట్‌వర్క్‌కు నష్టం అదేనని పాఠంలో ఉంటుంది. ఇప్పుడు ఆ "ఒకావిడ" స్థానంలో పెద్ద కంపెనీ ఉంది, అది అయిదున్నరకు ఇంటికి వెళ్లదు. నిజం చెప్పాలంటే నేను నడిపిన ఏ సర్వర్ కంటే అదే తక్కువసార్లు ఆగుతుంది. చేతుల్లో లేకపోవడమే చాలామందికి మేలు కావచ్చు. చిన్న ఆఫీసువాళ్లెవరైనా అడిగితే సొంత సర్వర్ పెట్టుకోవద్దనే చెప్తున్నాను. అది చెప్పినప్పుడల్లా లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది.

ఇదంతా ఫోన్‌లో సగం సగంగా చెప్పుకొచ్చాను. పిల్ల ఓపిగ్గా విని, "పరీక్షలో ఇది రాస్తే మార్కులు వేస్తారా?" అంది. వెయ్యరు, పట్టికే రాయమన్నాను. భద్రత దగ్గర "తక్కువ" అన్న మాట మాత్రం కొట్టేయమన్నాను.

పెట్టేసేముందు ఒకటడిగింది. "మరి మీ ఇంట్లో వైఫై పెట్టె ఎవరిది మామయ్యా?"

మాదే అన్నాను. ఫోన్ పెట్టాక వెళ్లి దాన్ని తిప్పి చూశాను. కింద చీటీ మీద "ఈ పరికరం కంపెనీ ఆస్తి" అని ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి చూశాను, తీసుకోలేదు. రెండు నెలల క్రితం రాత్రిపూట దానంతట అదే ఆగి మళ్లీ మొదలైన సంగతి గుర్తొచ్చింది. వాళ్లు అక్కడి నుంచే సాఫ్ట్‌వేర్ మార్చారన్నమాట. కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగాను. ఫిర్యాదు నంబరు రాసుకోమన్నారు.